బొట్టు పెట్టిన బస్తా

నేను సైజింగ్ మాస్టరుగా పని మానేసి ఏడేళ్లు దాటింది. అయినా సాయంత్రం వంటింట్లో లైటు చుట్టూ చిన్న రెక్కల పురుగు కనిపిస్తే చాలు, నా కాలిచెప్పు చేతిలోకి వచ్చేస్తుంది. మా ఇంటావిడ పొయ్యి దగ్గర నుంచే నవ్వుతుంది. "ఇంక పగ తీరకపాయెనా నీకు?" అంటుంది. తీరలేదు. అది నన్ను పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. అయితే అది నాకు చేసిన దానికంటే, దాని తప్పును తీసుకెళ్లి నేను ఇంకొకరి నెత్తిన రుద్దినది పెద్దది. ఈ సంగతి ఇన్నేళ్లూ మా ఇంటావిడకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మీరంటే ఎవరంటే, మా వాళ్ల పిల్లలు. సాంచలు, అంటే మరమగ్గాలు, ఒక్కొక్కటే ఇనుప ముక్కల కింద అమ్ముడుపోయాక మాన్కోలి గోదాముల్లో చేరి, డబ్బాల మీద ఎర్ర వెలుగు కొట్టి లెక్క రాసుకునే వాళ్లు. గోదాం అంటే మాకంటే మీకే బాగా తెలుసు. ముందొచ్చిన సరుకు ముందు పోవాలని మీకు మొదటి రోజే నేర్పుతారట కదా. మాకు ఎవరూ నేర్పలేదు. మాకు నేర్పింది గోరంత పురుగు.

సైజింగ్ అంటే తెలియని వాళ్లుంటారు కాబట్టి నాలుగు ముక్కలు. సాంచ మీదికి ఎక్కే ముందు పడుగు దారానికి గంజి పట్టించాలి. వేడి గంజి తొట్టిలో ముంచి, రోలర్ల మధ్య పిండి, ఆవిరి డ్రమ్ముల మీద ఆరబెట్టి, పెద్ద ఇనుప బీముకు చుట్టి సాంచల వాళ్లకు పంపాలి. గంజి తాగని దారం సాంచ మీద గంట నిలవదు. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతూ, దువ్వెనలాంటి అచ్చు ముందుకూ వెనక్కూ కొడుతుంటే నూగు లేచి తెగిపోతుంది. గంజి బాగుంటే నేతగాడికి మేమున్నామన్న సంగతే గుర్తు రాదు. బాగా లేకపోతే వాడు తిట్టే మొదటి తిట్టు మాకే.

మా కార్ఖానా ముంబై పక్కన భివండీలో, టెంఘర్‌లో ఉండేది. సేఠ్ మావాడే, కరీంనగర్ వైపు నుంచి వాళ్ల నాన్న కాలంలో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అక్కడ గంజి వండే పెద్దాయనను అందరం కాక అనేవాళ్లం. నేను పడుగు పోగులు సర్దే పనికి చేరిన రోజు నుంచి ఆయన అక్కడే ఉన్నాడు. నడుముకు తడి తువ్వాలు, చేతిలో తెడ్డు. గంజి ఉడికిందో లేదో చూడాలంటే ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, వేళ్లు దగ్గరికి తెచ్చి దూరం చేసేవాడు. ఆ తీగ ఎంత సాగి ఎక్కడ తెగుతుందో చూసి "దించుండ్రి" అనేవాడు. అంతే. అప్పట్లో మా దగ్గర కొలిచే పరికరాలేవీ లేవు, ఉన్నా ఆయన వాటిని నమ్మేవాడు కాదు. మాస్టరు అనే పేరు నాకొచ్చింది కానీ ఆ విద్య ఆయనది. కార్ఖానా వెనక గోడకు ఆనుకుని ఒక ఖోలీ ఉండేది. కాక, ఆయన భార్య అందులో ఉండేవాళ్లు. పని ఉన్నంత కాలమే ఆ ఖోలీ.

తొంభైల చివర్లో ఒక ఏడు, హోలీ వెళ్లిన వారానికి గొడవ మొదలైంది. నార్పోలి నుంచి పన్నెండు సాంచల ఆసామి ఒకాయన రుమాలులో దారపు ముక్కలు చుట్టుకుని వచ్చి నా బల్ల మీద విప్పాడు.

"ఏంది మాస్టరూ గిది? పోగుపోగుకు ఉండలు. పొద్దటి సంది మా కారీగర్ తెగిన పోగులు అతుకుడే సరిపోయె, గజం బట్ట నెయ్యలే. గిట్లయితే నేను ఎట్ల బతకాలె?"

చూశాను. రెండేసి పోగులు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో ఆవగింజంత గంజి ఉండ. అది అచ్చులో దూరదు, దూరకపోతే పోగు తెగుతుంది. సర్దిచెప్పి పంపాను. మూడు రోజుల్లో ఇంకో ఇద్దరు అదే రుమాలు మూటలతో వచ్చారు. ఆ తర్వాత ఒకాయన ఏకంగా బీమునే టెంపోలో వేసుకొచ్చి గేటు దగ్గర దించేశాడు. మా పనిలో బీము వాపసు రావడం కంటే సిగ్గుచేటు లేదు. బీము దారి పొడుగునా అందరికీ కనిపిస్తూ వస్తుంది.

సేఠ్ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశాడు. అప్పటికి కొద్ది నెలల కిందే ఆ గదికి కొత్త టైల్స్ వేయించాడు, అవి తళతళలాడుతున్నాయి. నా చెప్పులు బయటే వదిలి నిలబడ్డాను.

"మాస్టర్, తప్పు ఎవలది? సాఫ్ సాఫ్ చెప్పు. మషీన్‌దా, మనిషిదా?"

మెషీన్ నా కింద ఉంది. మెషీన్ తప్పంటే నా తప్పే. నాకు ఇద్దరు పిల్లలు, చాల్‌లో ఒక గది, చేతిలో వేరే విద్య లేదు. ఆ భయంలో నా నోటి నుంచి వచ్చిన మాట ఇది.

"కాక కండ్లు మసకబారినయి సేఠ్. గంజి సరిగ్గ చూస్తలేడు."

ఆ మాట బయటికి వచ్చేదాకా నేను అలా అనుకోను కూడా లేదు. కాక గంజిని కళ్లతో చూడడు, వేళ్లతో చూస్తాడని నాకు తెలియనిదా? కానీ అనేశాను. సేఠ్ ముందున్న లెక్కల పుస్తకం మూశాడు. ఆయన చెడ్డవాడు కాదు.

"గట్లనా? మరి ముసలోడైండు. ఇంకొక్క బీము వాపసొస్తే ఇగ పని ఇడిపిద్దాం. ఊరికి పోయి కూసుంటడు."

కాకకు ఊళ్లో ఏముంది కూర్చోవడానికి? అన్నదమ్ములు పంచుకున్న ఇంట్లో ఆయన వాటా గోడ ఎప్పుడో కూలింది. నాకు తెలుసు. తెలిసీ తల ఊపి బయటికొచ్చాను. ఆ రాత్రి అన్నం సయించలేదని రాస్తే మీరు నన్ను మంచివాణ్ణి అనుకుంటారు. బాగానే తిన్నాను. తప్పు నా మీద నుంచి పోయిందన్న నిమ్మళం అది.

మర్నాడు పొద్దున కాక నన్ను గంజి తొట్టి దగ్గరికి పిలిచాడు. పిండిని నీళ్లలో కలిపి వడకట్టే గుడ్డ ఒకటి ఉంటుంది. దాన్ని తిరగేసి చూపించాడు. గుడ్డ మీద పిండి ముద్దలు, ముద్దల మధ్య సన్నటి దారాలు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. గుడ్డ ఒక మూల చిరిగి ఉంది. ఆ ముద్దలు అక్కడి నుంచి గంజిలోకి జారి ఉంటాయి.

"గుడ్డ చినిగింది నా తప్పే," అన్నాడు. "గని గీ దారం యాడిది? మనం పిండి వోస్తున్నమా, నూలు వోస్తున్నమా?"

"కార్ఖానల ఎగిరే నూగు వడ్డదేమో కాకా."

ఆయన నా వైపు ఒక చూపు చూసి, గుడ్డ మీది దారాలను గిల్లి తీసి వేడి పైపు మీద ఆరబెట్టాడు. తర్వాత అగ్గిపుల్ల గీసి అంటించి నా ముక్కు దగ్గర పెట్టాడు. నేతింటి పిల్లలందరికీ చిన్నప్పుడే వచ్చే పరీక్ష అది. నూలు కాలితే కాగితం కాలిన వాసన, బూడిద మెత్తగా రాలుతుంది. ఇది అలా కాలలేదు. ముడుచుకుపోయి నల్లటి పూసలా అయింది, వెంట్రుక కాలిన వాసన వచ్చింది.

"పట్టు," అన్నాను, నాకే నమ్మకం లేకుండా.

"ఆఁ, పట్టే. గంజిల పట్టు ఎవలు వోసిండ్రు మాస్టరూ?"

ఇద్దరం గోదాంలోకి వెళ్లాం. మైదా, కర్రపెండలం పిండి బస్తాలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. నాలుగైదు బస్తాల మూతి విప్పేసరికి కనిపించాయి. గోధుమ రంగు తల, పాలిపోయిన ఒళ్లు, వేలి కణుపు పొడుగైనా లేని పురుగులు. పిండిలో పాకుతూ వెనకాలే దారం వదులుతున్నాయి. ఆ దారంతో పిండి గడ్డ కడుతోంది. ఇక గోడ మీద, దూలాల సందుల్లో తల్లి పురుగులు కూర్చుని ఉన్నాయి. పగలు చూస్తే తవుడు పొట్టు అంటుకుందని అనుకుంటాం. రోజూ చూసి నేను అలాగే అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే రెక్కలు ఒంటికి అదుముకుని పడుకున్న చిన్న చిమ్మట. రెక్కల ముందు సగం ఎండు గడ్డి రంగు, వెనక సగం రాగి రంగు, ఎవరో సగానికి రంగులో ముంచి తీసినట్టు. తల ముందు చిన్న ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. వేలితో తాకితే వంకర టింకరగా ఎగిరి రెండడుగుల దూరంలో మళ్లీ పొట్టై కూర్చుంటుంది. పొద్దుగూకి లైట్లు వేశాకే వాటి అసలు తిరుగుడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. సేఠ్‌కు చూపించాను. వారపు సెలవు శుక్రవారం నాడు గోదాం మొత్తం ఖాళీ చేశాం. పురుగు పట్టిన పిండి పారబోశాం. మిగిలినదాన్ని జల్లెడ పట్టి, ఎండలో పోసి, కొత్త సంచులకు ఎత్తాం. గోడలకు సున్నం, సందుల్లో బ్రష్, మూలల్లో వేపాకు. వడకట్టే గుడ్డ కొత్తది తెచ్చాం. గోదాం మూలలో ఎత్తుపీట మీద పూజ బస్తా ఉండేది. దసరా నాడు అవ్వ, అంటే సేఠ్ వాళ్ల అమ్మ, పసుపు కుంకుమ పెట్టి వెళ్లే బస్తా అది. దాన్ని మళ్లీ దసరా దాకా ఎవరూ ముట్టరు. ఆ రోజు వచ్చాక దాంతో మొదటి గంజి వండి, కొత్త బస్తాకు బొట్టు పెట్టిస్తాం. అది మా కార్ఖానా ఆచారం. కాబట్టి దాన్ని జాగ్రత్తగా, పీటతో సహా ఇద్దరు పట్టుకుని బయట పెట్టి, పైన దుమ్ము తుడిచి, సున్నం ఆరాక మళ్లీ అదే మూలలో పెట్టాం. నేనైతే చెప్పులు విడిచి దాని ముందు దండం కూడా పెట్టుకున్నాను, ఇక ఏ బీమూ వాపసు రాకూడదని.

ఆ రోజు పారబోసే ముందు నాలుగు పురుగులను గుప్పెడు మైదాతో ఒక పచ్చడి సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి ఇంటికి తెచ్చాను. శత్రువు ఎన్నాళ్లకు తిరిగొస్తాడో తెలుసుకోవాలి కదా అని. మా ఇంటావిడ నెత్తి కొట్టుకుంది.

"ఇంట్ల పురుగులను తరుముడే నాతోని అయితలేదు, నువ్వు సీసల వెట్టి పెంచవడితివి! ఇగ దీనికి గూడ అన్నం వెట్టాల్నా?"

పెట్టక్కర్లేదని ఆ సీసానే చెప్పింది. పురుగు వారం పది రోజులు పిండి తిని బలిసింది. తర్వాత ఒకరోజు తిండి మానేసి, గాజు మీదికి పాకి, గుడ్డ మడతలో దూరి తన చుట్టూ గూడు నేసుకుంది. తిన్నచోట పడుకోదు అది, పైకి ఎక్కి దూరంగా పోయి పడుకుంటుంది. వారం తర్వాత రాగి రెక్కల చిమ్మట బయటికొచ్చింది. అది పిండిని ముట్టలేదు. రెక్కలొచ్చాక దానికి తిండే లేదు. జత కట్టడం, పిండి మీద ఇసుక రేణువుల్లాంటి గుడ్లు పెట్టడం, వారం పది రోజుల్లో ఎండిపోయి రాలిపోవడం. నాలుగైదు రోజులకు ఆ గుడ్ల నుంచి వెంట్రుక మందాన కొత్త పురుగులు. నేను క్యాలెండర్ మీద గీతలు పెట్టాను. ఆ ఎండల్లో గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు దాకా ఐదు వారాలు.

గోదాంలో మాత్రం మొదట్లో అంతా ప్రశాంతం. బీములు మంచిగా పోతున్నాయి. సేఠ్ నన్ను నలుగురిలో మెచ్చుకున్నాడు. కాక మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సేఠ్‌తో అన్నది తప్పని ఒప్పుకోవాలని ఒకసారి కాక దగ్గరికి వెళ్లాను కూడా. నోరు తెరిచాను, "గంజి జర పల్చగున్నట్టున్నది" అని వచ్చేశాను. ఆ రోజు గంజి పల్చగా లేదు.

సరిగ్గా ఐదో వారం సాయంత్రం, గంజి తొట్టి పైన ట్యూబ్‌లైట్ చుట్టూ మూడు చిమ్మటలు తిరుగుతున్నాయి. మర్నాడు పది. రెండు వారాలు తిరిగేసరికి ఒక బీము వాపసొచ్చింది. ఈసారి గుడ్డ చిరగలేదు కానీ ముద్దలు ఎంతగా ఉన్నాయంటే, గుడ్డ పక్కల నుంచి పొర్లిపోయాయి.

సేఠ్ కోపంగా కాదు, విసుగ్గా అన్నాడు. "గోదాం మొత్తం కడిగినమని నువ్వే అంటివి. ఇగ పురుగు మీద వెట్టకు మాస్టర్. శనివారం సంది కొత్తోడొస్తడు. కాకకు నేనే చెప్పిన."

నేను వెనక్కి వెళ్లేసరికి ఖోలీ ముందు కాక భార్య మసాలా డబ్బాలు చీరముక్కలో మూట కడుతోంది. కాక తెడ్డు కడుగుతున్నాడు. నన్ను చూసి, "కొత్తోనికి పైపు వాల్వు లీకున్నదని చెప్పు మాస్టరూ, చెయ్యి కాలుతది," అన్నాడు. అంతే అన్నాడు. ఆ రాత్రి నిజంగానే అన్నం సయించలేదు.

ఇంట్లో కంచం ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను, సేఠ్ గదిలో అన్న మాటతో సహా. మా ఇంటావిడ తిట్టలేదు. కూర గిన్నె మీద మూత పెట్టి అడిగింది.

"అన్ని బస్తాలు ఇప్పినమంటున్నవు, నిజంగ అన్ని ఇప్పిండ్రా?"

"అన్ని ఇప్పినం."

"మనింట్ల పిండికి పురుగు వడితే నేనేం జేస్త? డబ్బలన్ని కడుగుత. అయినా మల్లొస్తయి. గప్పుడు అటక మీద చూస్త. ఎన్నడు మూత తియ్యని డబ్బ ఒకటి ఉంటది. పురుగు అండ్ల ఉంటది. మీ గోదాంల ఎవ్వలు ముట్టని బస్తా లేదా?"

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పీట, కుంకుమ, నేను పెట్టిన దండం, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ బస్తా అసలు గోదాంలో ఉండేది కాదు. ఏళ్ల తరబడి ఆఫీసు గదిలో దేవుడి పటాల కింద, పిండికి దూరంగా ఉండేది. టైల్స్ పని అప్పుడు, నాలుగు రోజులకని గోదాంలో పెట్టించింది ఎవరు? నేనే. తిరిగి తీసుకెళ్లడం ఎవరు మరిచిపోయారు? అదీ నేనే. పైగా అంతకు ముందు ఏళ్లలో పూజకు ప్లాస్టిక్ పొరున్న పిండి సంచి పెట్టేవాళ్లం. ఆ ఏడు గోనెసంచిలో మైదా పెట్టాం.

గురువారం పొద్దున్నే సేఠ్‌కు చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"పూజ బస్తానా? అవ్వ పెట్టిన బొట్టు మీద నేను చెయ్యి వెయ్య. కావాల్నంటే అవ్వకు నువ్వే చెప్పుకో."

ఆ కార్ఖానాలో ఆమెకు భయపడని వాళ్లు లేరు. మా వైపు తల్లిని అవ్వ అనే పిలుస్తాం. ఆమెను సేఠే కాదు, యూపీ నుంచి వచ్చిన బాయిలర్ భయ్యా కూడా అవ్వ అనేవాడు. మగ్గం మీద పుట్టి పెరిగిన మనిషి. భర్త పోయాక రెండేళ్లు ఒక్కతే కార్ఖానా నడిపింది. శుక్రవారం పొద్దున, సెలవు రోజు, రిక్షా దిగి నేరుగా గోదాంలోకి వచ్చి ఆ బస్తా ముందు నిలబడింది. సేఠ్ ఆమె వెనక. కాక గుమ్మం దగ్గర. మిగతా వాళ్లు వినోదానికి వచ్చారు.

"ఏం కొడుకా, నేను బొట్టు వెట్టిన సంచిల పురుగు వడ్డదంటున్నవట. నువ్వు చూసినవా?"

"లేదవ్వా. ముట్టలేదు."

"చూడకుండనే చెప్పవడితివా?"

ఇక వెనక్కి పోయే దారి లేదు. పోవాలని అనిపించలేదు కూడా. "ఇప్పి చూద్దామవ్వా. అండ్ల ఏం లేకపోతే శనివారం కాకను కాదు, నన్ను ఇంటికి పంపుండ్రి. తప్పు నాది," అన్నాను. బస్తా శుభ్రంగా ఉంటే నా పని పోతుంది, దానితో పాటు దేవుడి బస్తా విప్పించినవాడన్న పేరు టెంఘర్ అంతా పాకుతుంది. భివండీలో ఇంకో సైజింగ్ వాడెవడూ నన్ను గేటు దాటనివ్వడు.

సేఠ్ ఏదో అనబోయాడు. అవ్వ చెయ్యెత్తి ఆపింది. చీర కొంగు నడుముకు దోపి, బస్తా మూతి మీది కుట్టు చూసింది. ఆ కుట్టుకు ఒక కొస ఉంటుంది, సరైన కొస పట్టి లాగితే మొత్తం ఒక్కసారిగా ఊడిపోతుంది. తప్పు కొస లాగితే బిగుసుకుంటుంది. ఆమె చూసీ చూడగానే సరైన కొస పట్టుకుని సర్రున లాగింది.

మూతి తెరుచుకుంది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత లోపల నుంచి ఒకటి, రెండు, ఆ వెంటనే గుప్పెళ్ల కొద్దీ చిమ్మటలు పొగలా లేచాయి. పట్టపగలు, దారి తెలియక, జనం ముఖాలకు, అవ్వ తెల్ల జుట్టుకు, సేఠ్ చొక్కాకు తగులుతూ ఎగిరాయి. వాళ్లు చేతులతో తోసుకుంటూ వెనక్కి జరిగారు. నేను మాత్రం కదల్లేదు. అంత సంతోషంగా నేను ఏ పురుగునూ ఎప్పుడూ చూడలేదు, ఇక చూడను కూడా.

లోపల పిండి పిండిలా లేదు. దారంతో అల్లుకుని, గడ్డ కట్టి, ఒకటే దుప్పటి ముద్ద. బాయిలర్ భయ్యా వంగి చూసి, "ఇన్‌హోంనే తో పూరా థాన్ బున్ దియా!" అన్నాడు. ఇవి మొత్తం ఒక తాను బట్టే నేసేశాయని. ఎవరో కిసుక్కుమన్నారు. మిగతా వాళ్లు అవ్వ వైపు చూసి నవ్వు మింగేశారు.

అవ్వ మాత్రం నా వైపు తిరిగింది. "దీన్ని ఎందుకు దాచిపెట్టిండ్రు?"

"మీరు బొట్టు వెట్టిన బస్తా గద అవ్వా. దసరదాంక ముట్టద్దు..."

"ఎవలన్నరు?"

మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నేను నా ముందున్న మాస్టరు నుంచి విన్నాను. ఆయన ఎవరి నుంచి విన్నాడో.

"నేను బొట్టు వెట్టి ఏమన్న? 'ముందుగాల దీన్నే వండుండ్రి' అన్న. నా కాలంల ఆ పొద్దే వండుదురు. నేను బొట్టు వెట్టి, దూద్‌పేడాలు పంచి ఇంటికి పోతుంటి. మీరు పాత బస్తా తీసి వండి, దీన్ని ఏడాది దండం వెట్టుకుంట కూసున్నరా? పిండి వండుటానికా, మొక్కుటానికా?"

సేఠ్ తల గోక్కున్నాడు. అవ్వకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆమె నవ్వడం చూసి అందరం నవ్వాం, ఆపుకోలేనంతగా. ఆ నవ్వులో నా ఒళ్లు తేలికైపోయింది, ఖాళీ బస్తాల మీద కూలబడ్డాను.

"ఇగ దీన్ని అగ్గిల వెయ్యుండ్రి. అది గూడ పూజనే," అని చెప్పి అవ్వ గుమ్మం వైపు నడిచింది. కాక దగ్గర ఆగింది. "నువ్వెందుకు మూటలు గట్టినవు? నిన్ను ఎవలు పొమ్మన్నరు? పోయి ఇప్పుకో." సేఠ్ వెనక నుంచి గబగబా, "అవు కాకా, రేపు పొద్దుగాల ఎప్పటి లెక్కనే," అన్నాడు.

బస్తాను మూతి బిగించి బాయిలర్ పొయ్యిలో వేశాం. గోదాం మళ్లీ కడిగాం, ఈసారి పీటతో సహా. నేను క్యాలెండర్ మీద ఐదు వారాలు లెక్క పెట్టాను, తర్వాత ఇంకో ఐదు. ట్యూబ్‌లైట్ చుట్టూ ఏమీ తిరగలేదు. సీసాను మా ఇంటావిడ మరిగే నీళ్లలో ముంచి మళ్లీ పచ్చడి పెట్టింది. నేను మాత్రం ఆ పచ్చడి ముట్టలేదు.

కాకతో నేను ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన పని నిలిచింది కదా, తలుపు వేసి అన్న మాట తలుపు లోపలే ఉందిలే అని సర్దుకున్నాను.

దసరా వచ్చింది. అవ్వ కొత్త బస్తాకు పసుపు కుంకుమ పెట్టి, ఈసారి దూద్‌పేడాలు పంచాక కూడా వెళ్లకుండా కుర్చీ వేయించుకుని కూర్చుంది. "ఇప్పుండ్రి, నేను చూస్త" అంది. కాక కుట్టు కొస పట్టి లాగాడు. పిండి తెల్లగా, జలజలా జారింది. నీళ్లలో కలిపి, వడకట్టి, ఆవిరి పెట్టాడు. గంజి ఉడుకుతుంటే కార్ఖానా అంతా ఆ తియ్యటి వాసన. నేను రెండడుగుల దూరంలో నిలబడి, ఆయన వేళ్ల మధ్య చుక్క తీసి తీగ సాగదీసి చూస్తాడని ఎదురు చూస్తున్నాను.

ఆయన చూడలేదు. తెడ్డు ఎత్తి నా వైపు పట్టాడు.

"మాస్టరూ, నువ్వే చూడు. నా కండ్లు మసకబారినయి గద."

అదే మాట, అక్షరం తేడా లేకుండా. ఎవరు చెప్పారో, ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు. నాకు అప్పుడు తట్టింది. వడకట్టే గుడ్డ మీది దారాన్ని అంటించి నా ముక్కు దగ్గర పెట్టిన పొద్దున, శనివారం పోవాల్సినవాడు కొత్తవాడి చెయ్యి కాలకూడదని చెప్పిన సాయంత్రం, ఆయనకు ఆ మాట తెలిసే ఉండాలి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ముఖం చూస్తే మీసాల కింద నవ్వు దాచుకోలేకపోతున్నాడు, పక్కన బాయిలర్ భయ్యా అప్పటికే పళ్లు బయటపెట్టి నిలబడ్డాడు.

"తప్పయింది కాకా," అన్నాను. ఆరు నెలలు నోట్లో పెట్టుకుని తిరిగిన మాట, అందరి ముందు ఇంత తేలిగ్గా వచ్చేసింది.

"అయితే అయింది. గంజి చూడు ముందుగాల, సల్లారిపోతది."

చుక్క తీసి వేళ్ల మధ్య పెట్టాను. తీగ సన్నగా, ఉండ లేకుండా, వేళ్లు చాచినంత పొడుగు సాగి అప్పుడు తెగింది. "దించుండ్రి," అన్నాను.